సగం గ్రౌండు

జీతాల రిజిస్టర్లో ఆయన
కెమిస్ట్రీ ల్యాబు అటెండరు.
ముప్ఫయ్యొక్కేళ్లలో
ఒక్క పరీక్షనాళిక కడిగి ఎరగడు.
జ్ఞానాపురం చర్చి వెనక సందులోంచి
సైకిలు హ్యాండిలుకి వలసంచి, అందులో రెండు బంతులు,
ఐదున్నరకి వచ్చేవాడు బెనెడిక్టు మాస్టారు.
గేటు తాళం వాచ్‌మన్ దగ్గర,
వాచ్‌మన్ నిద్దర్లో.
మా కోచింగు గోడ దూకడంతో మొదలయ్యేది.

ఎర్రమట్టి నేల.
పడ్డవాడి సంగతి వాళ్లమ్మకి
చొక్కాయే చెప్పేసేది.
తూర్పు సగం క్రికెట్టు వాళ్లది,
వలలు కట్టి, చాప పరిచి,
పిచ్‌కి నీళ్లు పెట్టడానికి ఒక మనిషిని పెట్టి.
ఒకసారి ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లాడు.
లోపలేం జరిగిందో తెలీదు.
బయటికొచ్చి, సున్నం బకెట్టు తీసి
మిగిలిన సగంలోనే గీతలన్నీ గీశాడు.
"ఇరుకులో నేర్చినోడికి
మైదానం దొరికితే ఆపలేర్రా" అన్నాడు.
నిజం కాదది.
పెద్ద గ్రౌండులో ఎప్పుడాడినా
అరవయ్యో నిమిషానికి మేం రొప్పేవాళ్లం.

బంతి చిరిగితే
జాలరిపేట సూరాడ పోలమ్మ దగ్గర
వల అల్లే సూది అరువు తెచ్చి
కళ్లజోడు నుదుటి మీదికి తోసి తనే కుట్టేవాడు.
ఆ కుట్టు మీద కాలు తగిలితే
బంతి ఎడమకి మళ్లేది.
వచ్చినోళ్లకి తెలీదు, మాకు తెలుసు.
సొంత గ్రౌండులో మా వ్యూహమంతా అదే.

అరవడం రాదు. విజిలు జేబు దాటదు.
తప్పు చేసినవాణ్ణి దగ్గరికి పిలిచి
"ఏటి చూశావు?" అనేవాడు.
ఏం చేశావని కాదు.
"బంతి సార్."
"బంతిని కాకులు కూడా చూస్తాయి నాన్నా.
నువ్వేటి చూశావు?"

పోర్టు స్టేడియంలో ఫైనలు. నవంబరు ముసురు.
ఐదో పెనాల్టీ.
నేను కుడికి దూకాను,
బంతి ఎడమకి, తొందరేం లేనట్టు వెళ్లింది.
ఆ రాత్రి ఆయన బస్సెక్కలేదు, నేనూ ఎక్కలేదు.
తడుస్తూ నడిచాం.
రైలు గేటు దగ్గర ఖనిజం గూడ్సు
పోర్టు వైపు పాకుతూ ఉంది, ఎంతకీ తెగదు.
ఆఖరి పెట్టె దాటాక అన్నాడు:
"వాడు నిలబడ్డ కాలు ముందే చెప్పేసుంటాదిరా.
నేను చూసుంటే నీకు సైగ చేసేవాణ్ణి.
స్కోరు బోర్డు చూస్తన్నాను."
గేటు లేచింది. సైకిళ్లు కదిలాయి.
ఆయన మాత్రం
కాసేపు కదల్లేదు.

హుద్‌హుద్ మర్నాడు
ఊళ్లో నిలబడ్డ చెట్టు లేదు, కరెంటు లేదు,
పాల పేకెట్టు కోసం కొట్లాటలు.
వంగిపోయిన గోలుపోస్టుని రంపంతో కోస్తూ కనిపించాడు.
కూలిన సరుగుడు మానులు రెండు పాతి,
అడ్డంగా మూడోది తాడుతో కట్టి
ఆరో రోజుకి ఆట పెట్టించాడు.
ఎవరొచ్చారు? నలుగురు.
ఇద్దరికి బూట్లు లేవు.

రిటైరైన రోజు సభ కెమిస్ట్రీ వాళ్లే చేశారు.
శాలువా కప్పి, కొత్త ప్రిన్సిపాలు
ఫైలు చూసి చదివాడు:
"ఇన్నేళ్ల సర్వీసులో
ఒక్క గాజు సామాను పగలగొట్టని ఉద్యోగి."
చప్పట్లు.
మాస్టారు నవ్వాపుకోలేక శాలువా అంచు
నోటికి అడ్డం పెట్టుకున్నాడు.
కన్నీళ్లనుకుని
ఎవరో నీళ్ల గ్లాసు అందించారు.

నేనిప్పుడు పోర్టులో క్రేను నడుపుతాను.
నలభై మీటర్ల మీద గాజుగది.
కింద సిగ్నల్ మనిషి చెయ్యి ఊపుతాడు,
నాకు ముందు అతని పాదాలు కనపడతాయి.
అటూ ఇటూ బరువు మారిస్తే
కంటైనరు ఆపేస్తాను.
ఎందుకాపావని రేడియోలో తిడతారు.
ఒక్కోసారి వాళ్లదే రైటు.

ఆఖరి బంతి నాకిచ్చాడు, కుట్టు బంతి.
బీరువా మీద పెడితే
ఎడమకి దొర్లి మంచం మీద పడుతుంది.
మా ఆవిడ దాని కింద
పాత తువ్వాలు చుట్ట చేసి పెట్టింది.
నైట్ షిఫ్టు నుంచి వచ్చి
నేను తీసేస్తుంటాను.